ఊరి నంబరు ఆగితే ఖాతాకు తాళం

విదేశాలకు వెళ్లేవారు సిమ్‌ సంగతి ముందే చక్కబెట్టుకోవాలి
90 రోజులు వాడకం లేకుంటే నంబరు రద్దయ్యే ప్రమాదం
ఫోన్లో ఓటీపీ చెప్పించుకోవడం కంటే బ్యాంకులో మాండేట్‌ పత్రమే మేలు

జగ్గయ్యపేట, నందిగామ: అమెరికా విశ్వవిద్యాలయాల్లో తరగతులు ఆరంభమయ్యే ఆగస్టు, జనవరి మాసాలు సమీపిస్తున్నాయంటే ఈ ప్రాంతంలోని పలు ఇళ్లలో ప్రయాణ సన్నాహాలు మొదలవుతాయి. ఒక్కో పెట్టె 23 కిలోలు దాటకుండా ఒకటికి రెండుసార్లు తూస్తారు. ఆవకాయ నూనె కారకుండా సీసాకు చుట్టలు చుడతారు. కారు గరికపాడు దాటి శంషాబాద్‌ విమానాశ్రయం వైపు సాగేలోగా పాస్‌పోర్టు, వీసా పత్రాలు ఉన్నాయో లేదో పదిమార్లు చూసుకుంటారు. ఈ హడావుడిలో ఒక్క సంగతి మాత్రం తరచూ మరుగున పడుతోంది. బ్యాంకు ఖాతాకు జతచేసిన సెల్‌ఫోన్‌ నంబరు ఇకపై ఎవరి దగ్గర ఉండాలి, దానిని బతికించి ఉంచేది ఎవరు అన్నదే ఆ సంగతి.

పర్యవసానం కొన్ని నెలల తరువాత గానీ తెలియదు. నందిగామలో తండ్రికి అకస్మాత్తుగా ఆసుపత్రి ఖర్చు వచ్చిందనుకుందాం. డల్లాస్‌లోని కుమారుడు ఇక్కడి తన ఖాతా నుంచి సొమ్ము పంపేందుకు కంప్యూటరు ముందు కూర్చుంటాడు. ఖాతాలో డబ్బుంది, రహస్యపదం గుర్తుంది. చివరి మెట్టుగా బ్యాంకు పంపిన ఓటీపీ మాత్రం రాదు. ఆ సిమ్‌ నందిగామ ఇంటిలో బీరువా అరలో, పాత ఫోన్‌లో, రీఛార్జి గడువు తీరి పడివుంటుంది. సొంత డబ్బే అయినా అక్కరకు రాని పరిస్థితి ఇది.

పత్తి, మిర్చి పంటలకు, సిమెంటు కర్మాగారాలకు పేరొందిన ఈ మెట్ట ప్రాంతం 2022 ఏప్రిల్‌ 4న కృష్ణా జిల్లా నుంచి విడివడి ఎన్టీఆర్‌ జిల్లాలో చేరింది. ఇక్కడి నుంచి చదువులకు, కొలువులకు విదేశాలకు వెళ్లిన వారి కుటుంబాలకు ఉపకరించేలా, నంబరు విషయంలో నిబంధనలు ఏమంటున్నాయో, ఏయే జాగ్రత్తలు అవసరమో ఈ కథనం.

నంబరుకు ఇంత ప్రాధాన్యం ఎందుకు?

కార్డును యంత్రంలో పెట్టకుండా ఇంటర్నెట్‌లో జరిపే చెల్లింపులకు, కార్డుపై ముద్రించిన వివరాలతో పాటు మరో ధ్రువీకరణ కూడా ఉండాలని రిజర్వు బ్యాంకు 2009లో ఆదేశించింది. ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. కాలక్రమంలో ఆ రెండో ధ్రువీకరణగా సెల్‌ఫోన్‌కు వచ్చే ఓటీపీయే స్థిరపడింది. నగదు బదిలీ, రహస్యపదం మార్పు, కొత్త ఫోన్‌లో బ్యాంకు యాప్‌ నమోదు, ఆధార్‌ సేవలు ఇలా అన్నిటికీ ఆ నంబరే ఆధారమైంది. ఒకనాడు మాట్లాడుకునేందుకు తీసుకున్న నంబరు నేడు ఇంటి తాళంచెవితో సమానం.

సంక్షిప్త సందేశంపైనే ఆధారపడకుండా ఇతర పద్ధతులనూ అనుమతిస్తూ రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో కొత్త మార్గదర్శకాలు జారీచేసింది. వాటి అమలుకు 2026 ఏప్రిల్‌ 1వ తేదీని నిర్ణయించింది. అలాగని నంబరుతో పని తీరిపోయినట్లు భావించరాదు. యాప్‌లోనే ధ్రువీకరణ జరిగే పద్ధతి ఉన్నా, ఆ యాప్‌ను కొత్త ఫోన్‌లో నమోదు చేసేటప్పుడు సాధారణంగా బ్యాంకులో ఉన్న నంబరు నుంచే ఒక సందేశం వెళ్లవలసి ఉంటుంది. సిమ్‌ పనిచేయకుంటే అక్కడే బండి ఆగిపోతుంది.

రెండు గడువులు... రెండూ వేర్వేరు

చాలామంది తికమకపడేది ఇక్కడే. ప్రీపెయిడ్‌ నంబరుకు రెండు గడువులు ఉంటాయి. మొదటిది రీఛార్జి పథకం గడువు. అది తీరితే ముందుగా బయటకు వెళ్లే కాల్స్‌, ఆపై లోపలికి వచ్చే కాల్స్‌, సందేశాలు ఆగిపోతాయి. నంబరు ఇంకా మన పేరిటే ఉన్నా ఓటీపీ మాత్రం రాదు.

రెండోది నంబరు మనుగడకు సంబంధించిన గడువు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌ 2013లో తెచ్చిన నిబంధనల ప్రకారం, 90 రోజుల పాటు ఎలాంటి వాడకం లేకపోతేనే ప్రీపెయిడ్‌ నంబరును రద్దు చేయాలి. ఆ సమయానికి ఖాతాలో కనీసం రూ.20 నిల్వ ఉంటే ఆ మొత్తాన్ని మినహాయించుకుని మరో 30 రోజులు పొడిగించాలి. నిల్వ ఉన్నంతకాలం ఈ పొడిగింపు కొనసాగుతుంది. నిల్వ లేక నంబరు ఆగినా, తిరిగి తెప్పించుకునేందుకు 15 రోజుల వ్యవధి ఉంటుంది. బ్యాంకు నుంచి సందేశాలు వస్తున్నాయి కదా, అదే వాడకమని ధీమాగా ఉండరాదు. నెలకొకసారైనా ఆ నంబరు నుంచి ఒక కాల్‌ చేయడం క్షేమం.

రద్దయిన నంబరు శాశ్వతంగా ఖాళీగా ఉండదు. కనీసం 90 రోజులు పక్కన పెట్టి ఆనక దానిని కొత్త చందాదారుకు కేటాయిస్తారు. 2023 నవంబరులో సుప్రీంకోర్టులో ఈ అంశం విచారణకు వచ్చినప్పుడు, పాత నంబరుతో ముడిపడిన సమాచారాన్ని తొలగించుకోవలసిన బాధ్యత వినియోగదారుదేనని న్యాయస్థానం స్పష్టం చేసింది.

లెక్క వేసి చూస్తే విషయం బోధపడుతుంది. ఆగస్టు నడిమిలో విమానమెక్కిన విద్యార్థి సిమ్‌ను పట్టించుకోకపోతే నవంబరు నడిమికి 90 రోజులు పూర్తవుతాయి. నిల్వ లేకపోతే ఆ నెలాఖరుకు నంబరు చేజారవచ్చు. శివరాత్రి నాటికి అది ఎవరో అపరిచితుని జేబులో ఉండవచ్చు. బ్యాంకు పంపే సందేశాలన్నీ అతనికే చేరతాయి. రహస్యపదం తెలియనిదే అతడు ఖాతాలోకి ప్రవేశించలేకపోయినా, రెండు తాళాల్లో ఒకటి ఊడినట్లే.

ఈ ముప్పును గుర్తించే, రద్దయిన నంబర్ల జాబితాను ఎప్పటికప్పుడు చూసుకుని తమ రికార్డులను సరిచేసుకోవాలని రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో బ్యాంకులకు సూచించింది. 2025 ఏప్రిల్‌ 1 నుంచి యూపీఐ సేవలందించే సంస్థలు కనీసం వారానికొకసారి ఈ జాబితాతో సరిపోల్చుకోవాలని జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ ఆదేశించింది. అంటే నంబరు పోయినట్లు మనకు తెలియక ముందే బ్యాంకుకు తెలిసి, దానితో ముడిపడిన సేవలు నిలిచిపోయే అవకాశమూ ఉంది.

తక్కువ ఖర్చుతో నిలుపుకొనే మార్గం

విదేశంలో ఉన్నవారికి ఇక్కడి డేటాతో నిమిత్తం లేదు. కేవలం కాల్స్‌, సందేశాలకే పరిమితమైన ప్రత్యేక పథకాలను విధిగా అందుబాటులో ఉంచాలని, వాటి గడువు 365 రోజుల వరకు ఉండవచ్చునని ట్రాయ్‌ 2024 డిసెంబరులో నిబంధనలు సవరించింది. 2025 జనవరి నుంచి కంపెనీలు ఇలాంటి పథకాలను ప్రవేశపెట్టాయి. ఏడాదికి సరిపడే పథకం తీసుకుంటే నెలనెలా గుర్తుపెట్టుకోవలసిన అవసరం తప్పుతుంది. ఊళ్లోని తమ్ముడో, బాబాయో దుకాణంలో రీఛార్జి చేయించినా సరిపోతుంది.

అయితే గుర్తుంటుందని ఉగాదిని గడువుగా పెట్టుకుంటే చిక్కే. అధికమాసం వచ్చిన ఏడు రెండు ఉగాదుల మధ్య 380 రోజులకు పైగా ఎడం ఉంటుంది. సంక్రాంతి ముందు వారమో, పుట్టినరోజో పెట్టుకుంటే తేదీ తప్పదు.

పోస్టుపెయిడ్‌ నంబరు ఉన్నవారు బయలుదేరే ముందే ప్రీపెయిడ్‌కు మార్చుకోవడం మంచిది. చెల్లించని బిల్లు పేరుకుపోయి నంబరు రద్దయితే, దూరాన ఉండి దానిని పరిష్కరించుకోవడం ప్రయాసే.

ఫోన్‌ మారితే సిమ్‌ ఎక్కడ?

సిమ్‌ను వెంట తీసుకెళ్లడమే అన్నిటికన్నా ఉత్తమం. అందుకు ప్రయాణానికి ముందే అంతర్జాతీయ రోమింగ్‌ సదుపాయాన్ని తెరిపించుకోవాలి. పరాయి దేశంలో ఓటీపీ సందేశం అందుకోవడానికి సాధారణంగా రుసుము ఉండదు. కానీ కాల్‌ ఎత్తితే, సందేశం పంపితే రుసుము పడుతుంది. యాప్‌ నమోదుకు మన సిమ్‌ నుంచే సందేశం వెళ్లాలి కనుక కొంత నిల్వ ఉండాలి. డేటా రోమింగ్‌ను మాత్రం కట్టివేసి ఉంచాలి. తమ పథకానికి వర్తించే రుసుములను కంపెనీ దుకాణంలో ముందే అడిగి తెలుసుకోవాలి.

అమెరికా వెళ్లేవారు మరో రెండు విషయాలు గమనించాలి. అక్కడ టెలికాం కంపెనీల వద్ద వాయిదాలపై కొన్న ఫోన్లు సాధారణంగా ఆ కంపెనీ సిమ్‌కే పరిమితమై ఉంటాయి. మన సిమ్‌ వేసినా పనిచేయదు. అలాగే 2022లో వచ్చిన ఐఫోన్‌ 14 మొదలుకొని అమెరికాలో విక్రయించే ఐఫోన్లలో సిమ్‌ కార్డు పెట్టే అరే ఉండదు. వాటిలో ఈ-సిమ్‌ మాత్రమే పనిచేస్తుంది. ఈ-సిమ్‌ అంటే కార్డు లేకుండా ఫోన్‌లోనే నిక్షిప్తమయ్యే సిమ్‌. అక్కడికి వెళ్లాక ఇలాంటి ఫోన్‌ కొనే ఉద్దేశం ఉంటే ఆ మార్పు ఎలా చేసుకోవాలో ఇక్కడ ఉండగానే కనుక్కోవాలి.

సిమ్‌ మార్పిడి విమానమెక్కే రోజు పెట్టుకోరాదు. సిమ్‌ మార్చిన తరువాత 24 గంటల పాటు సందేశాలను నిలిపివేయాలని టెలికాం శాఖ 2022లో ఆదేశించింది. మోసగాళ్లు మన పేరిట సిమ్‌ మార్పించుకుంటే ఆ వ్యవధిలో మనం మేల్కొనేందుకు చేసిన ఏర్పాటిది. కనీసం వారం ముందు ఈ పని ముగించుకుని, ఓటీపీ వస్తున్నదీ లేనిదీ సరిచూసుకోవాలి.

సిమ్‌ ఎవరి పేరిట ఉందన్నదీ ముఖ్యమే. తండ్రి పేరిట తీసుకున్న సిమ్‌ను కుమారుడు ఏళ్ల తరబడి వాడటం, దానినే బ్యాంకులో ఇవ్వడం మన పల్లెల్లో పరిపాటి. ఫోన్‌ పోయి కొత్త సిమ్‌ కావలసి వస్తే అడిగేది చందాదారుని గుర్తింపునే. ఆ పెద్దాయన మంచాన పడితే లేదా కాలం చేస్తే చిక్కులు పెరుగుతాయి. ప్రయాణానికి ముందే సిమ్‌ను ఖాతాదారు పేరిట మార్పించుకోవాలి. తమ పేరిట ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కేంద్ర టెలికాం శాఖకు చెందిన ‘సంచార్‌ సాథీ’లో చూసుకోవచ్చు.

తండ్రి చేతికి సిమ్‌... ఏది మంచి, ఏది ముప్పు

సిమ్‌ను అమ్మానాన్నల దగ్గర వదిలి వెళ్లి, అవసరమైనప్పుడు ఓటీపీని ఫోన్‌లో చెప్పించుకోవడం చాలా ఇళ్లలో ఉన్నదే. అక్కడ పగలైతే ఇక్కడ రాత్రి. అర్ధరాత్రి లేచి, కళ్లజోడు వెతుక్కుని, అంకెలు చదివేలోగా ఓటీపీ గడువు ముగుస్తుంది. ఇది ఇబ్బంది మాత్రమే. అసలు ముప్పు వేరే ఉంది.

రాత్రి కుమారుడికి ఓటీపీ చదివి వినిపించడం అలవాటైన పెద్దవారు, పగలు ‘బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, మీ అబ్బాయి ఖాతా ఆగిపోతుంది’ అని మరొకరు అడిగినా అదే తీరున చదివేస్తారు. పోలీసులమంటూ బెదిరించి సొమ్ము కాజేసే ‘డిజిటల్‌ అరెస్టు’ మోసాలపై ప్రధాని 2024 అక్టోబరు 27న ‘మన్‌ కీ బాత్‌’ ప్రసంగంలో ప్రజలను హెచ్చరించవలసి వచ్చింది. చట్టంలో అలాంటి అరెస్టు అంటూ లేదు.

నష్టం ఎవరిదన్న ప్రశ్నకు రిజర్వు బ్యాంకు 2017 జులై 6న జారీచేసిన ఉత్తర్వులు సమాధానమిచ్చాయి. బ్యాంకు తప్పు, ఖాతాదారు తప్పు లేకుండా మరెక్కడో లోపం వల్ల సొమ్ము పోయినప్పుడు, బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే ఖాతాదారుపై భారం పడదు. రహస్య వివరాలను ఇతరులకు చెప్పడం వల్ల పోతే, బ్యాంకుకు తెలియజేసేంత వరకు జరిగిన నష్టమంతా ఖాతాదారుదే. కన్నతండ్రికి చెప్పినా, ఆయన మరొకరికి చెప్పినా ఖాతాదారు బాధ్యత తప్పుతుందని భావించరాదు.

ఇందుకు చట్టబద్ధమైన మార్గం ఉంది. ఎన్నారై ఖాతాలను ఇక్కడి వారు నిర్వహించేందుకు మాండేట్‌ పత్రం గానీ, పవర్‌ ఆఫ్‌ అటార్నీ గానీ బ్యాంకులో ఇవ్వవచ్చు. ఆ పత్రం పొందిన తండ్రి తన సంతకంతో స్థానిక చెల్లింపులు జరపగలరు. ఖాతాదారు తరఫున ఇతరులకు బహుమతులు ఇచ్చే వీలుండదు. విదేశాలకు పంపాలంటే ఖాతాదారుకు మాత్రమే పంపగలరు. దగ్గరి బంధువును ‘మొదటివారు లేదా జీవించి ఉన్నవారు’ పద్ధతిపై సహ ఖాతాదారుగా చేర్చుకునే వీలూ ఉంది. కేవలం ఖాతాలో సొమ్ము జమ చేయడానికి ఏ ఓటీపీ అక్కర్లేదు. కనుక విద్యారుణం కిస్తీ కట్టడానికి పిల్లల సిమ్‌ పెద్దల దగ్గర ఉండనవసరం లేదు.

ఖాతా స్వభావం మారాలి

చదువుకు వెళ్లినవారు కూడా విదేశీ మారక నిబంధనల దృష్ట్యా ప్రవాసులేనని రిజర్వు బ్యాంకు 2003లోనే స్పష్టం చేసింది. కాబట్టి ఇక్కడి సాధారణ పొదుపు ఖాతాను ఎన్నార్వో ఖాతాగా మార్పించుకోవాలి. విదేశీ సంపాదన దాచుకునేందుకు ఎన్నార్‌ఈ ఖాతా తెరవవచ్చు. ఈ మార్పుతో పాటే విదేశీ చిరునామా, విదేశీ ఫోన్‌ నంబరు, ఈ-మెయిల్‌ నమోదు చేయించుకోవాలి. ఓటీపీని ఈ-మెయిల్‌కు గానీ, విదేశీ నంబరుకు గానీ పంపే ఏర్పాటు పలు బ్యాంకుల్లో ఉంది. తమ శాఖలో ఏ సదుపాయం ఉందో స్వయంగా అడిగి, రాతపూర్వకంగా కోరాలి.

యూపీఐకి సంబంధించి 2023 జనవరి 10న ఎన్‌పీసీఐ ఒక వెసులుబాటు ఇచ్చింది. అమెరికా, కెనడా, బ్రిటన్‌, ఆస్ట్రేలియా, సింగపూర్‌, హాంకాంగ్‌, యూఏఈ, సౌదీ అరేబియా, ఖతార్‌, ఒమన్‌ దేశాల నంబర్లతో ఎన్నార్‌ఈ, ఎన్నార్వో ఖాతాలను యూపీఐకి జతచేసుకునేందుకు అనుమతించింది. తమ బ్యాంకు, తాము వాడే యాప్‌ ఆ సేవను అందిస్తున్నదీ లేనిదీ చూసుకోవాలి.

ఆధార్‌ మాత్రం ఇందుకు మినహాయింపు. విదేశీ నంబర్లకు ఆధార్‌ సంస్థ సందేశాలు పంపదు. అందువల్ల బ్యాంకు పనులు విదేశీ నంబరుకు మారినా, ఆధార్‌ కోసమైనా ఊరి నంబరును కాపాడుకోవలసిందే.

చాలాకాలం క్రితం వెళ్లినవారికి మరో చిక్కు. మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్‌ 1న యూనియన్‌ బ్యాంకులో విలీనమైంది. అప్పట్లో అందులో ఖాతా తెరిచి వెళ్లినవారి రికార్డుల్లో ఏనాటిదో నంబరు ఉండవచ్చు. రెండేళ్లకు పైగా ఖాతాదారు లావాదేవీ లేకపోతే ఖాతా నిష్క్రియమవుతుంది. బ్యాంకు తనంతట తాను వేసే వడ్డీ లావాదేవీ కిందకు రాదు. పదేళ్లు దాటితే సొమ్ము రిజర్వు బ్యాంకు నిర్వహించే డిపాజిటర్ల నిధికి వెళుతుంది. ఆ తరువాత కూడా బ్యాంకు ద్వారా తిరిగి పొందవచ్చు గానీ, గుర్తింపు పత్రాలతో మళ్లీ మొదటి నుంచి తిరగవలసి ఉంటుంది.

పెద్దల ప్రయాణమైనా అంతే

మనుమల కోసం ఆరు నెలలు అమెరికా వెళ్లే తల్లిదండ్రులకూ ఇవే జాగ్రత్తలు వర్తిస్తాయి. పింఛను ఖాతా, గ్యాస్‌ సిలిండరు డెలివరీ కోడ్‌, ఆధార్‌ అన్నీ వారి నంబరుతోనే ముడిపడి ఉంటాయి. 90 రోజుల గడువు వారు అక్కడుండగానే దాటిపోతుంది. చుట్టపుచూపుగా వెళ్లినవారు ఎన్నారైలు కారు గనుక ఖాతా మార్చనక్కరలేదు. గడువు చాలినంత రీఛార్జి, రోమింగ్‌, అక్కడ మన సిమ్‌ పట్టే ఫోన్‌ ఉంటే సరిపోతుంది.

నంబరు ఇప్పటికే పోయిందా?

జాప్యం చేయకుండా బ్యాంకు వినియోగదారుల సేవా విభాగానికి ఫోన్‌ చేసి, రికార్డుల్లో ఉన్న ఈ-మెయిల్‌ నుంచి లేఖ పంపి, పాత నంబరుకు ఓటీపీలు ఆపమని కోరాలి. నంబరు మార్పు దరఖాస్తుకు ఎవరి ధ్రువీకరణ కావాలో బ్యాంకును అడిగి, ఆ ప్రకారం పంపాలి. రాయబార కార్యాలయం గానీ, నోటరీ గానీ ధ్రువీకరించిన పత్రాలను బ్యాంకులు కోరవచ్చు. తరువాత ఈ-మెయిల్‌, ఆదాయపు పన్ను ఖాతా వంటి వాటిలోనూ పాత నంబరు తొలగించాలి. ఆధార్‌లోనూ నంబరు మార్పించుకోవాలి.

మరోవైపు, ఇక్కడ కొత్తగా సిమ్‌ కొన్నవారికి ఎవరిదో బ్యాంకు సందేశాలు రావచ్చు. ఆ అంకెలను ఎవరికీ చెప్పకుండా, సందేశం పంపిన బ్యాంకుకు తెలియజేస్తే ఒక కుటుంబాన్ని ఆదుకున్నవారవుతారు.

ప్రయాణానికి నెల ముందు చేయవలసినవి

* సిమ్‌ను ఖాతాదారు పేరిట మార్పించుకోవాలి. పోస్టుపెయిడ్‌ అయితే ప్రీపెయిడ్‌ చేయించాలి.
* ఏడాది పథకం, అంతర్జాతీయ రోమింగ్‌ తీసుకుని ఓటీపీ వస్తున్నదీ లేనిదీ పరీక్షించాలి.
* బ్యాంకు శాఖలో ఈ-మెయిల్‌ నమోదు, ఎన్నార్వో మార్పు, మాండేట్‌ దరఖాస్తు పూర్తిచేయాలి. అందరూ ఇక్కడే ఉండగా సంతకాలు సులువు.
* ఆధార్‌కు జతపడిన నంబరు ఏదో సరిచూసుకోవాలి.
* రీఛార్జి తేదీని ఇంట్లో గోడ క్యాలెండరుపై రాసి, బాధ్యత ఒకరికి అప్పగించాలి.
* మోసం జరిగితే వెంటనే 1930కు ఫోన్‌ చేయాలని, ఓటీపీ ఎవరికీ చెప్పరాదని పెద్దలకు వివరించాలి.